జడ్జిగారి టోస్టరు

మార్చి 2, ఆదివారం

కంపెనీ వాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇవాళ తెరిచాను. మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాస్తున్నాను: ఈ ఇంట్లో ఇక గోధుమ అనే పదార్థం ఉండదు!

కారణం మా అమ్మాయి. పదేళ్ళది. ఏ గొడవొచ్చినా రెండు పక్షాలూ విని తీర్పు చెప్పే అలవాటు కాబట్టి ఇంట్లో అందరం జడ్జిగారు అంటాం. ఏడాదిగా కడుపునొప్పి, నీరసం. తరగతిలో అందరికంటే పొట్టి. నేనైతే బడి ఎగ్గొట్టడానికి వేషాలనుకున్నాను. రక్తపరీక్ష చేశారు, తర్వాత గొంతులోంచి గొట్టం వేసి పేగు చూశారు. సీలియాక్ అట. గోధుమ, బార్లీ లాంటి వాటిలో గ్లూటెన్ అని ఒకటుంటుంది. అది లోపల పడితే పిల్ల ఒళ్ళు తన పేగు మీదే తిరగబడుతుంది. మందు లేదు. జన్మంతా ఆ తిండి మానెయ్యడమే. రవ్వంత పొడి పడినా చాలునట.

ఇంట్లో రెండు అరలు, రెండు చాకులు, రెండు టోస్టర్లు పెట్టుకుని, ఏది ఎవరిదో చీటీ అంటిస్తే మిగతావాళ్ళు మామూలుగా తినొచ్చని ఆస్పత్రిలో తిండి సంగతులు చెప్పే ఆవిడ అంది. నాకు నచ్చలేదు. పిల్ల నోరు కట్టేసి మనం బన్నులు నమలడమా? భోజనాల దగ్గర లేచి నిలబడి ప్రకటించాను. నీకు ఎన్నాళ్ళో మాకూ అన్నాళ్ళే అన్నాను. చివర్లో గొంతు కొంచెం వణికింది. బాగా కుదిరింది.

"జబ్బు నాకు కదా, మీరెందుకు?" అన్నారు జడ్జిగారు.

మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. నా గిటారు, నా ఈత, తెల్లారకముందే లేచి చేసిన నా వ్యాయామం, అన్నిటి ఆరంభాలూ చూసిన మనిషి. ఆ చూపు నేను పట్టించుకోలేదు.

మార్చి 3, సోమవారం

సెలవు పెట్టాను. ఉదయం ఏడింటికే దాడి మొదలు!

బ్రెడ్డు, బిస్కెట్లు, నూడుల్స్, పిండి డబ్బా, అన్నీ బావమరిది సంచిలోకి. మా ఆవిడ తమ్ముడు, నాతోపాటే లిఫ్టులు బాగుచేస్తాడు. పిల్లకి జబ్బని బాధపడుతూనే రెండు ట్రిప్పులు వేశాడు.

మా ఆవిడ పని కళ్ళద్దాల షాపులో. చీమ తలకాయంత అక్షరాలు చదవడంలో ఆవిణ్ని మించినవాళ్ళు లేరు. సీసాలన్నీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చదివింది. ఇంగువ పొడిలో గోధుమపిండి. సోయా సాసులో గోధుమ. ఇన్నేళ్ళూ మన వెనకాల ఎంత వ్యవహారం నడిచిందో!

పాత టోస్టరు కూడా బావమరిదికే ఇచ్చేశాం. దాని అడుగున పేరుకున్న పొడి ఎంత దులిపినా పోదు. కొత్తది కొన్నాను, ఆకుపచ్చ రంగు. జడ్జిగారి బియ్యప్పిండి బ్రెడ్డు తప్ప దాంట్లో ఇంకోటి పడటానికి వీల్లేదు.

లిఫ్టు గూట్లోకి దిగేముందు మేం కరెంటు స్విచ్చికి ఎర్ర బోర్డు తగిలిస్తాం: లోపల మనిషి ఉన్నాడు, స్విచ్చి వేయొద్దు. అలాంటిదొకటి వంటింట్లో కూడా పెడదామన్నాను. ఇంట్లో గోధుమే లేనప్పుడు బోర్డు దేనికని మా ఆవిడ అడిగింది. నిజమే. మానేశాను.

మార్చి 5, బుధవారం

ఎనిమిదంతస్తుల భవనం. పైన మోటారు గదిలో బ్రేకు మార్చాం. టీ వేళకి బావమరిది నా బిస్కెట్లు నా ముందే విప్పాడు. వద్దన్నాను. గ్లూటెన్ గురించి పావుగంట చెప్పాను. వాడు నమలడం ఆపకుండా విని, నీ పేగు బాగానే ఉంది కదా బావా అన్నాడు. త్యాగం అంటే ఏంటో వీడికి ఈ జన్మలో తెలియదు.

సాయంత్రం బరువు చూసుకున్నాను. అరకిలో తగ్గాను! మొహంలో కళ కూడా వచ్చినట్టుంది.

మార్చి 8, శనివారం

బియ్యప్పిండి బ్రెడ్డు గురించి. చూడటానికి బ్రెడ్డే. నోట్లో పెట్టుకుంటే తడిపి ఆరబెట్టిన అట్టముక్క. నములుతుంటే ఇసుక అవుతుంది, మింగబోతే అంగిలికి అతుక్కుంటుంది.

ఆహా అన్నాను. మామూలు బ్రెడ్డు దీని ముందు దిగదుడుపే అన్నాను. ఇంకో ముక్క అడిగి మరీ వేయించుకున్నాను.

జడ్జిగారు తన ముక్క ప్లేటులో పెట్టేశారు. "నాన్నా, ఇది బాగోలేదని నాకు తెలుసు. నువ్వింత బాగుందంటుంటే నాకు భయమేస్తోంది."

ధైర్యం చెప్పాను. మూడో ముక్క తిన్నాను. నీళ్ళు తాగాను. చాలా నీళ్ళు తాగాను.

మార్చి 12, బుధవారం

కబుర్లపుట్ట పుట్టినరోజు. ఇది జడ్జిగారి ప్రాణస్నేహితురాలు. పక్క వీధి, ఒకే తరగతి, బడి బస్సులో ఒకే సీటు. నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను.

మధ్యాహ్నమే వాళ్ళింటికి తనిఖీకి వెళ్ళాను, యూనిఫాంలోనే. వంటగట్టు చూశాను. టార్చి వేసి ఓవెన్ లోపల చూశాను. వాళ్ళమ్మకి రవ్వంత పొడి గురించి వివరించాను. ఆవిడ మర్యాదస్తురాలు, మధ్యలో కూర్చోమని కుర్చీ వేసింది.

సాయంత్రం జడ్జిగారికి విడి డబ్బా, విడి స్పూను, విడి గ్లాసు. నేను కూడా ఉండిపోయాను. కేకు చేతులతో ఎవరూ మా అమ్మాయిని ముట్టుకోకుండా ఆమె కుర్చీ వెనకే నిలబడ్డాను. ఆటల్లో కూడా వెనకే ఉన్నాను. కబుర్లపుట్ట వచ్చి మెడ చుట్టూ చేతులు వేయబోతే ఆపి, నీ చేతులు నమ్మలేం తల్లీ, కడుక్కునిరా అన్నాను. ఇంకో ముగ్గుర్ని కూడా పంపించాను. ఒకడు ఏడ్చాడు. ఏం చేస్తాం, భద్రత ముఖ్యం.

ఇంటిదాకా జడ్జిగారు నాకు పది అడుగులు ముందే నడిచారు. ఇక ఎవరి పుట్టినరోజుకీ వెళ్ళనని మా ఆవిడతో అన్నారట. అలసిపోయి ఉంటారు.

మార్చి 17, సోమవారం

ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఒక పెద్దావిడ. అరగంట కష్టపడి బయటికి తీశాం. ఆవిడ చేతిలో బేకరీ సంచి. అందులోంచి ఇంకా వెచ్చగా ఉన్న బన్ను తీసి నా చేతిలో పెట్టింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు. కాదంటే ఆ ప్రాణం నొచ్చుకోదూ?

తిన్నాను. మర్యాద కోసం.

తర్వాత మొదటి పేజీ తీసి ప్రతిజ్ఞ మళ్ళీ చదివాను. ఈ ఇంట్లో అని స్పష్టంగా ఉంది. ఆ భవనం ఈ ఇల్లు కాదు. నిశ్చింతగా ఉంది.

మార్చి 20, గురువారం

బన్ను. అదే బేకరీ.

మార్చి 21, శుక్రవారం

బన్ను, పఫ్. పఫ్ బావమరిది తినలేక వదిలేసింది. పారేస్తే పాపం.

మార్చి 25, మంగళవారం

ఆ వీధిలో లిఫ్టు పనేమీ లేదు. అయినా అటువైపు నుంచి వెళితే ట్రాఫిక్ తక్కువ.

బావమరిది నా చొక్కా మీద పొడి దులిపి, అక్కకి మంచి చూపుంది, ఇంటికెళ్ళేముందు ఒకసారి అద్దంలో చూసుకో బావా అన్నాడు. వాడితో మాట్లాడటం మానేశాను. టీ వేళ దాకా.

బరువు: పోయిన అరకిలో తిరిగొచ్చింది, ఇంకో కిలోని వెంటబెట్టుకుని. ఒంట్లో నీరు చేరి ఉంటుంది.

మార్చి 30, ఆదివారం

వాన. పని లేదు. బన్ను లేదు. తలుపు చప్పుడైనా చిరాకొస్తోంది.

మొన్న శుక్రవారం పనిముట్ల సంచిలో గ్రీజు డబ్బా కింద ఒక బ్రెడ్డు పాకెట్టు పెట్టుకొచ్చాను. ముందుజాగ్రత్త, అంతే.

11.00. తల్లీకూతుళ్ళు బూట్లు కొనడానికి వెళ్ళారు.

11.05. ఊరికే వాసన చూశాను.

11.10. కాల్చని బ్రెడ్డు చప్పగా ఉంటుంది. వెన్న ఉంది. ఇంట్లో ఉన్న టోస్టరు ఒక్కటే, ఆకుపచ్చది.

11.20. నాలుగు ముక్కలు. అబ్బ. అబ్బబ్బ.

11.40. టోస్టరు తుడిచాను. గట్టు తుడిచాను. పాకెట్టు వీధి చివరి చెత్తకుండీలో పడేశాను. కిటికీలన్నీ తీసి ఫ్యాను పెట్టాను. పోలీసు కుక్క వచ్చినా తోక ఊపుకుంటూ వెళ్ళిపోవాల్సిందే.

జడ్జిగారు కొత్త బూట్లతో వచ్చారు. కాలు ఒక సైజు పెరిగిందట! నెల తిరగకుండానే. తిండి మార్చిన ఫలితమే అని మా ఆవిడ మురిసిపోయింది. సాయంత్రం ఆకలేస్తోందని జడ్జిగారు తన బ్రెడ్డు తనే రెండు ముక్కలు కాల్చుకుని తిన్నారు. చాలా సంతోషం.

ఏప్రిల్ 1, మంగళవారం

బడి నుంచి ఫోను. వెళ్ళేసరికి ఆఫీసు గదిలో బెంచీ మీద ముడుచుకుని పడుకుంది. రెండుసార్లు వాంతి అయిందట. పొట్ట ఉబ్బి గట్టిగా ఉంది. రాత్రి నుంచే నొప్పిగా ఉందట, మాకు చెప్పలేదు. ఉదయం కూడా టోస్టు తిని వెళ్ళింది.

క్యాంటీన్ ఆవిడ మీద అరిచాను. మీ అమ్మాయి ఈ గుమ్మం కూడా ఎప్పుడూ తొక్కలేదండీ అంది. అయినా ఇంకొంచెం అరిచాను.

మా ఆవిడ షాపు నుంచి పరుగున వచ్చింది. ఆదివారం నుంచి పిల్ల తిన్నవన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టింది. అన్నీ ఇంట్లోవే. అన్నీ తన చేత్తో చేసినవే. కొత్తగా కొన్న పొడులన్నీ పారేసింది. బియ్యం చేట ముందేసుకుని, కళ్ళజోడు తుడుచుకుంటూ గింజ గింజా వెతికింది.

నేను బాల్కనీలోకి వెళ్ళి డాక్టరమ్మకి ఫోన్ చేశాను. టోస్టరు వేడికి గ్లూటెన్ చచ్చిపోతుందా అని మా తోటి మెకానిక్ ఒకాయన అడగమన్నాడని చెప్పాను. అది పురుగు కాదు చావడానికి అందావిడ. ఎంత కాల్చినా ఉంటుందట, తుడిస్తే సందుల్లోంచి రాదట. మీ తోటి మెకానిక్‌ని వెంటనే టోస్టరు మార్చమనండి అని ఒక్కో మాటా ఒత్తి పలికింది.

ఏప్రిల్ 2, బుధవారం

బడికి వెళ్ళలేదు. మా ఆవిడ ఇంకేదీ పెట్టడానికి ధైర్యం చాలక, దీన్నొక్కదాన్నే నమ్మొచ్చంటూ టోస్టు కాల్చి తెచ్చింది.

పిల్ల ముక్క తుంచుతుండగా నా చెయ్యి తగిలి ప్లేటు కింద పడింది. అంటే, తగిలించాను. టోస్టర్లో షాక్ కొడుతోంది, నిన్నే చూశాను, ఇది వాడకండి అన్నాను. వైరు పీకి సంచిలో వేసుకున్నాను. మెకానిక్ మాట కదా, నమ్మారు. మా ఆవిడ థాంక్సండీ అని కూడా అంది. అది వినడం చాలా కష్టమైంది.

సరే, ప్రమాదం తప్పింది. ఇక చెప్పాల్సిన అవసరం ఏముంది? చెబితే ఇంట్లో అనవసరంగా మనశ్శాంతి పోతుంది. మనశ్శాంతి కూడా ఆరోగ్యమే.

ఏప్రిల్ 3, గురువారం

సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చుంది. జడ్జిగారు కాదు, పదేళ్ళ పిల్ల. అమ్మకి చెప్పనని ముందు ఒట్టు వేయించుకుంది.

సోమవారం బస్సులో కబుర్లపుట్ట బన్ను తింటుంటే తను పక్కనే కూర్చుందట. అది మాట్లాడుతూ మాట్లాడుతూ చెయ్యి పట్టుకుందట. తర్వాత తను చెయ్యి కడుక్కుందో లేదో గుర్తులేదట. జబ్బు తిరగబెట్టింది అందుకేనట. ఇవాళ బడికి వెళుతూ డ్రైవరుని అడిగి సీటు మార్పించుకుందట. ఇకనుంచి ముందు సీట్లో ఒక్కతే. భోజనం కూడా మెట్ల దగ్గర ఒక్కతే. కబుర్లపుట్ట ఏడ్చిందట.

"అది మంచిదే నాన్నా. కానీ దాని చేతులు నమ్మలేం కదా" అంది.

నా మాట. అచ్చం నేనన్న మాటే, నా గొంతుతో సహా. ఆ పిల్లకి ఉన్నది ఆ ఒక్క స్నేహితురాలు. నా నాలుగు ముక్కల కోసం దాన్ని కూడా వదులుకుంటోంది, పైగా తప్పు తనదే అంటోంది. తల నిమిరాను. నోరు తెరిచాను. అన్నం తిన్నావా అని అడిగి మూసుకున్నాను.

ఏప్రిల్ 4, శుక్రవారం

బావమరిదికి చెప్పాను. లిఫ్టు గూటి అడుగున ఇద్దరం ఉన్నాం, చేతులనిండా గ్రీజు. నవ్వుతాడనుకున్నాను. వాడు పానా కింద పెట్టాడు.

"తినడం తప్పు కాదు బావా. బోర్డు పెట్టకుండా దిగావు చూడు, అదీ తప్పు. బోర్డు లేదంటే లోపల ఎవరూ లేరనే కదా పైనున్నవాడు స్విచ్చి వేస్తాడు. అక్క అదే చేసింది. పిల్లా అదే చేసింది. ఇవాళ నువ్వు చెప్పకపోతే నేను చెప్తా."

ఎనిమిదేళ్ళుగా నా కింద పనిచేస్తున్నాడు. వాణ్ని చూసి భయపడటం ఇదే మొదటిసారి.

ఇంటికెళ్ళి, బూట్లు కూడా విప్పకుండా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాను. బన్నులు, గ్రీజు డబ్బా, వెన్న, ఫ్యాను, షాక్ కొట్టని టోస్టరు, అన్నీ.

మా ఆవిడ లేచి నిలబడింది. "మూడు రోజులుగా నా బిడ్డకి నేనే విషం పెట్టాననుకుంటున్నానండీ" అని లోపలికి వెళ్ళి తలుపు మెల్లగా వేసుకుంది. దబాల్న వేసినా బాగుండేది.

పిల్ల విచారణ మొదలుపెట్టింది. ఎన్ని ముక్కలని అడిగింది. నాలుగన్నాను. వెన్న రాసుకున్నావా అంది. రాసుకున్నానన్నాను.

"బాగుందా?"

అట్టముక్కలాగే ఉందని చెప్పబోయాను. ఆ మొహం చూశాక నోరు రాలేదు. "చాలా బాగుంది" అన్నాను.

అప్పుడు ఏడ్చింది. "నాకు తెలుసు అది బాగుంటుందని. మీరిద్దరూ అట్టముక్క తింటూ నన్ను చూసి నవ్వుతుంటే, మీకు నేనే ఏదో చేసినట్టుంటుంది. నువ్వు తిను నాన్నా. నాకు చెప్పి తిను. నేను బస్సులో దాని పక్కన కూర్చోవడం మానేశాను, నీవల్ల."

పక్కనే కూర్చున్నాను. లేచి వెళ్ళిపొమ్మనలేదు, అదే పదివేలు.

ఏప్రిల్ 5, శనివారం

ఉదయం టిఫిను బల్ల దగ్గర జడ్జిగారు తీర్పు చదివారు.

నా ప్రతిజ్ఞ కొట్టివేయబడింది. కింది అర, ఆకుపచ్చ టోస్టరు, పిడి విరిగిన చాకు నావి. పై అర, కొత్త టోస్టరు ఆమెవి. ప్రతిదానికీ చీటీ. నేనేం తిన్నా బల్ల మీద కూర్చుని, చెప్పి, తిని, గట్టు తుడిచి లేవాలి. ఆస్పత్రిలో ఆవిడ మొదటిరోజే చెప్పిన పద్ధతే ఇది. ఆ ముక్క మా ఆవిడ అనలేదు. గోడ వైపు తిరిగి అట్లకాడ కడుగుతూ ఉంది.

తర్వాత జడ్జిగారు కబుర్లపుట్ట ఇంటికి క్షమాపణ చెప్పడానికి బయల్దేరారు. నేనూ వస్తానన్నాను, అసలు చెప్పాల్సింది నేనే కదా. నీ వంతు రేపు, ఇవాళ నేనొక్కదాన్నే అన్నారు.

గుమ్మంలో ఆగి ఇంకో ఆజ్ఞ. ఇంటికి రాగానే ఏం తిన్నావు అని అడగకూడదు. జబ్బు తెలిసిన రోజు నుంచి ఈ ఇంట్లో ఎవరూ తనని వేరే ఏమీ అడగలేదట. ఎవరు కొట్టుకున్నారు, ఎవరికి దెబ్బలు పడ్డాయి, లెక్కల టీచరు ఎందుకు రాలేదు, ఏమీ. ఆలోచించాను. బడి గురించి నాకు తెలిసిందల్లా క్యాంటీన్ గుమ్మం.

కొత్త పేజీ, నీలం సిరా: ఏం తిన్నావు అని అడగను! ఇదేమంత బ్రహ్మవిద్య?

ఏప్రిల్ 7, సోమవారం

అడిగాను. సంచి కూడా దించలేదు పాపం. మొదటిరోజు కాబట్టి లెక్కలోకి రాదు.

ఏప్రిల్ 8, మంగళవారం

డబ్బా ఖాళీ అయిందా అని మాత్రమే అడిగాను. అది వేరే ప్రశ్న అని వాదించాను. వాదన చెల్లలేదు.

ఏప్రిల్ 9, బుధవారం

ఏమీ అడగలేదు! డబ్బా మూత తీసి వాసన చూస్తూ దొరికిపోయాను.

మా ఆవిడ ఇవాళ నాతో మాట్లాడింది. అడ్డు లెమ్మంది.

ఏప్రిల్ 12, శనివారం

మధ్యాహ్నమంతా జడ్జిగారు కబుర్లపుట్ట ఇంట్లో. ఒక్కతే, తన డబ్బా తను పట్టుకుని. నేను బల్ల మీద కూర్చుని, మా ఆవిడకి చెప్పి, రెండు ముక్కలు టోస్టు తిన్నాను. చెప్పి తింటే అంత రుచి ఉండదు. గట్టు తుడిచాను. గేటు దాకా నాలుగుసార్లు వెళ్ళొచ్చాను.

ఐదింటికి వచ్చింది. పెదవులు బిగబట్టి, ఏంటి విశేషాలు అన్నాను.

మొదలుపెట్టింది. బడి నాటకంలో కబుర్లపుట్టకి చెట్టు వేషం ఇచ్చారట, చెట్టుకి మాటలుండవని టీచరు చెబితే గంటసేపు వాదించిందట. ఇద్దరూ కలిసి చెట్టుకి మాటలు రాశారట. వాళ్ళ తాతగారు కుర్చీలో నిద్రపోతుంటే ఆయన్నే ప్రేక్షకులుగా కూర్చోబెట్టుకుని వేశారట. చెట్టు కూలే ఘట్టంలో ఆయన ఉలిక్కిపడి లేచి చప్పట్లు కొట్టారట. అది మొత్తం నాకు వేసి చూపించింది, చెట్టుగా, టీచరుగా, తాతగారుగా. నవ్వు ఆపుకోలేక నేల మీద కూర్చుండిపోయింది. మళ్ళీ బస్సులో ఒకే సీటు, సోమవారం నుంచి. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి నా పక్కన నిలబడి నవ్వింది. ఈ పిల్ల ఇంత మాట్లాడుతుందని నేను మరిచేపోయాను.

అంతా బాగా జరుగుతోంది. నా నోరే.

"ఇంతకీ అక్కడ ఏం తిన్నావు?"

మా ఆవిడ నుదురు కొట్టుకుంది. జడ్జిగారు నేల మీంచి లేచి, గౌను దులుపుకుని, గోడ గడియారం చూశారు.

"అరగంట ఆగావు నాన్నా" అన్నారు. తిట్టలేదు. డబ్బాలోదే తిన్నానని చెప్పి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. లోపలినుంచి చెట్టు మాటలు ఇంకా వినబడుతూనే ఉన్నాయి.

ఆ అరగంట సేపు నా కూతురికి ఏ జబ్బూ లేదు. ఇవాళ్టిది కొట్టేస్తున్నాను. రేపటి నుంచి మళ్ళీ మొదలు. రేపు ముప్పావుగంట.